లోపలి మడత

మెట్టుగూడలో మెట్రో స్తంభం నీడ
మధ్యాహ్నానికి జరిగి జరిగి
ఖుద్దూస్ భాయ్ కుట్టుమిషను మీద పడుతుంది.
డిసెంబరులో ఆయనకు అన్నం తినే తీరికుండదు.

తెల్లగుడ్డ మీటరున్నర ముందు పెట్టాను.
‘చర్చిలో డ్రామా భాయ్. బాల యేసుకు చొక్కా.’
‘కొలత?’
అన్నాడు, తలెత్తకుండా, సూదికి దారం ఎక్కిస్తూ.

లాలాగూడ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు
బోగీ చక్రాలు కొలిచినవాణ్ణి.
వెంట్రుకవాసి తేడా వస్తే వెనక్కి పంపినవాణ్ణి.
ఆదివారాలు పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి
ఆయన ఆకాశంలో పట్టడని చెప్పినవాణ్ణి.
ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గర అంకె లేదు.

నిరుడు దాకా ప్లాస్టిక్ బొమ్మ.
నీలికళ్లు. అందులో ఒకటి మూసుకునేది కాదు.
గడ్డిలో ఎంతసేపు పడుకోబెట్టినా
దానికి చలి లేదు, ఆకలి లేదు.
మూడో వరసలోంచి ఒక పిల్లవాడు
‘సార్, దేవుడు ఉత్తుత్తిగా వచ్చాడా?’
ఆ మాట ఏడాదంతా
వదులైన నట్టులా నా లోపల గలగలమంది.

అందుకే ఈసారి సలోమి కొడుకు.
స్టేషన్లో పదో నంబరు ప్లాట్‌ఫారం ఊడ్చే సలోమి.
వాడు పుట్టి ఇరవై రోజులు. పేరింకా పెట్టలేదు.

భాయ్ మెడలోంచి టేపు తీశాడు.
భుజం నాలుగున్నర.
మెడ నుంచి బొడ్డు దాకా... బొడ్డింకా పచ్చిగానే ఉంది,
టేపు కాస్త ఎత్తి పట్టుకున్నాడు.
మెడ మడతలో పాలకంపు.
ఛాతీ పదమూడు.

ఆకాశం పట్టనివాడికి
పదమూడంగుళాల ఛాతీ.
గాలి పీలిస్తే పదమూడున్నర.

అప్పుడే వాడు టేపు మీదుగా పోసేశాడు.
భాయ్ మోకాలు తడిసింది. సలోమి హడలిపోయింది.
‘మా ఇంట్ల ఏడుగురు మనవళ్లు బేటీ,
ఈ టేపుకిది కొత్తగాదు.’

తర్వాత, సుద్దముక్క చెక్కుకుంటూ, నా వైపు చూడకుండా:
‘బురా మత్ మానో సార్.
మావోళ్లు ఈ మాట ఒప్పుకోరు.
అల్లాకు ఒళ్లుండదు.
ఒళ్లుంటే కొలతుంటది. కొలతుంటే చిరుగుంటది.’

‘అదే భాయ్’ అన్నాను.
‘మేమనేదీ అదే.’

ఇంకా చెప్పబోయాను.
వేషం కాదు ఇది, ఆటయ్యాక విప్పి
పెట్టెలో దాచుకునేది కాదని.
అక్షరమైనది క్షరమైందని.
పెద్ద మాటలన్నీ గొంతులోనే
తడిసిన గుడ్డలా ముద్దయ్యాయి.
ఒక చాయ్ తెప్పించాడు. రెండు సాసర్లలో పోశాడు.
ఆయన మాట మీద ఆయన, నా మాట మీద నేను
ఊదుకుంటూ తాగాం.

సాయంత్రం చొక్కా ఇస్తూ
తిరగేసి చూపించాడు.
అంచు లోపల మడిచి వదిలిన గుడ్డ, రెండంగుళాలు.
‘ఒక్కరాత్రి డ్రామాకు ఇదెందుకు భాయ్?’
‘పోరడు పెరుగుతడు గద సార్.’

ఇనుము పెరగదు. అరుగుతుంది.
నాకు తెలిసిన లెక్క అదొక్కటే.
ఇన్ని ఆదివారాల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు నేను,
దేవుడికి చొక్కా పొట్టయ్యేదని.
ఏటేటా ఒక తల్లి దీపం దగ్గర కూర్చుని
అంచు విప్పి, కుట్టు కిందికి జరిపి,
పాత మడత గీత కనబడుతుండగానే
వీధిలోకి పంపేదని.
విప్పడానికి మడత మిగలని రోజు
ఒకటి వచ్చిందని,
ఆ రోజు కూడా ఆమె అక్కడే నిలబడి ఉందని.

పాత ఉర్దూ పేపర్లో చుట్టి ఇచ్చాడు.
స్తంభాల కింద నడిచాను. పైన రైలు పోతోంది.
అరచేయంత చొక్కా, బరువేమీ లేదు.
అయినా ఇల్లు చేరేలోపు
రెండుసార్లు చేతులు మార్చుకున్నాను.